రెండు సుద్దగీతలు, ఒక బాబర్

టైలర్ ఆ శనివారానికి వేసుకున్న పథకం చాలా చిన్నది. తొమ్మిదికి భార్య పోస్టాఫీసులో డ్యూటీకి వెళ్తుంది. పదికి తను వసారాలోని పాత మోటారుసైకిల్ని పక్క వెల్డింగు షెడ్డులోకి తోస్తాడు. గీత గీస్తాడు. వెల్డర్ ఆ గీత మీద కోస్తాడు. పన్నెండుకల్లా బండి బాబర్ అయిపోతుంది. ఒంటిగంటకు భోజనం. రెండు నుంచి లోకం.

లోకం అంటే సరిగ్గా ఎక్కడికో అతనికీ తెలియదు. ఎక్కడికైనా సరే. ఇరవై రెండేళ్లుగా కుట్టుమిషను తొక్కుతున్నాడు. రోజుకు ఎనిమిది గంటలు తొక్కి, సాయంత్రం లేచి చూసుకుంటే పొద్దున ఉన్నచోటే ఉంటాడు. ఆ తొక్కుడేదో సైకిలు మీద తొక్కి ఉంటే ఈపాటికి భూమిని రెండుసార్లు చుట్టి, మూడోసారి విసుగొచ్చి మానేసేవాడు. ఈమధ్య కాళ్లు మరీ మాట వినడం లేదు. మిషను దగ్గర లేనప్పుడూ ఆడుతున్నాయి. భోజనాల బల్ల కింద ఆడుతున్నాయి, నిద్రలో ఆడుతున్నాయి. "ఏవండీ, దుప్పటికి అంచు కుడుతున్నారా?" అని భార్య రెండుసార్లు తట్టి లేపింది.

ఈ జబ్బు ముదరడానికి కారణం ఒక తోలు జాకెట్టు. నడుము దగ్గర బిగించమని దాన్ని తెచ్చిన కస్టమరు దిగిన బండి చూసి టైలర్ సూదిలో దారం ఎక్కించడం మరిచిపోయాడు. నేలకు ఆనుకుని పాకుతున్నట్టుంది. ఒక్క మనిషికే సీటు. వెనక మడ్‌గార్డు అరచేతి పొడవు, అంతే. "పాత చిన్న బండేనండీ. అక్కర్లేనిదంతా కోసేస్తే బాబర్ అయిపోద్ది" అన్నాడు ఆ పెద్దమనిషి. కోయడం అన్న మాట చెవిన పడగానే, వసారాలో టార్పాలిన్ కింద ఉన్న బండి టైలర్ కళ్లముందు నిలిచింది.

ఆ బండి అత్తగారిది. ఆమె కాన్పులు చేసే నర్సు. ముప్పై ఏళ్లు ఎండనకా వాననకా ఆ చిన్న బండి మీదే ఇంటింటికీ తిరిగి, ఊళ్లో సగం మందిని ఈ లోకంలోకి లాగింది. రిటైరయ్యాక, నాలుగేళ్ల కిందట, బండిని తెచ్చి అల్లుడి వసారాలో పెట్టింది. "నాకింక నడపాలని లేదు బాబూ. మీ దగ్గరే ఉంచుకోండి. ఏం చేసుకుంటారో చేసుకోండి" అని తాళంచెవి చేతికిచ్చి వెళ్లిపోయింది. మొదటి రెండు వాక్యాలూ టైలర్‌కు గుర్తులేవు. మూడోదాన్ని మాత్రం నెల రోజులుగా పూసగుచ్చినట్టు మననం చేసుకుంటున్నాడు. భార్యకు చెప్పలేదు. చెబితే వద్దంటుందని అతనికి బాగా తెలుసు కాబట్టి, చెప్పకపోవడం అబద్ధం కిందికి రాదని కూడా తేల్చుకున్నాడు.

వెల్డర్ గేట్లు, షట్టర్లు, కిటికీ చువ్వలు చేసే మనిషి. మాట తక్కువ.

"బాబర్ అంటే ఏంటి మాస్టారూ?" అన్నాడు.

"అక్కర్లేనివి తీసేస్తే మిగిలేది."

"అక్కర్లేనివి ఏవో తెలియాలి కదా?"

"నేను గీత గీస్తా, నువ్వు కొయ్యి. నువ్వేం ఆలోచించొద్దు."

"సరే, ఆలోచించను" అన్నాడు వెల్డర్. అన్నమాట మీద నిలబడేవాడని వీధిలో అతనికి పేరు.

టైలర్ చెవి వెనకనుంచి సుద్దబిళ్ల, మెడలోంచి టేపు తీశాడు. ముందుగా మడ్‌గార్డు మీద ఒక గీత గీయించుకుని వెల్డర్ దాన్ని చిటికెలో కోసేశాడు. తర్వాత సీటు కింద వెనక్కి పోయే రెండు గొట్టాల వంతు. టైలర్ కొలిచి గీత గీశాడు. ఇరవై రెండేళ్ల అలవాటు చొప్పున, దానికి నాలుగు వేళ్ల అవతల ఇంకో గీత గీశాడు.

టైలర్ల లోకంలో దీనికి ఒకటే అర్థం. లోపలి గీత కొలత, బయటి గీత కత్తెర. మధ్య గుడ్డ కుట్టులోకి మడవడానికి వదిలేది, రేపు మనిషి ఒళ్లు చేస్తే విప్పుకోవడానికి పనికొచ్చేది. ఒళ్లు తెలిసిన టైలర్ ఎవడూ కొలత గీత మీద కత్తెర పెట్టడు. ఇనుము ఒళ్లు చేయదన్న సంగతి మాత్రం ఆ క్షణంలో అతనికి తట్టలేదు.

గీతలు గీశాక అక్కడ నిలబడి ఉంటే సరిపోయేది. కానీ నిలబడలేకపోవడమే కదా అతని రోగం. "టీ చెప్పొస్తా" అని బయల్దేరాడు. టీ చెప్పాడు. అది మరిగేదాకా ఆగలేక వీధి చివరిదాకా వెళ్లి వచ్చాడు. ఇంకా మరుగుతూనే ఉంటే మళ్లీ వెళ్లి, అక్కడ ఎవరితోనో వాతావరణం గురించి మాట్లాడి వచ్చాడు. అలా ముప్పావుగంట గడిచింది.

వెల్డర్ల లోకంలో గొట్టం మీద రెండు గీతలుంటే దానికీ ఒకటే అర్థం. గేటు పొడవు ఎక్కువైనప్పుడు అలా గీస్తారు. రెండు చోట్లా కోసి, మధ్య ముక్క తీసేసి, మిగిలిన రెండు కొసలూ దగ్గరికి తెచ్చి అతికేస్తారు. వెల్డర్‌కు ఇందులో ఆలోచించాల్సింది ఏమీ కనిపించలేదు. కనిపించినా ఆలోచించకూడదు, మాటిచ్చాడు.

టైలర్ రెండు టీ గ్లాసులతో షెడ్డులోకి వచ్చేసరికి వెల్డర్ కళ్లద్దాలు నుదుటి మీదికి నెట్టి, "అయిపోయింది మాస్టారూ. అతుకు గట్టిగా పడింది. ఏనుగెక్కినా ఊడదు" అంటూ రెండు ఇనుప ముక్కలు అతని చేతిలో పెట్టాడు. ఇంకా వేడిగా ఉన్నాయి.

"ఇవేంటి?"

"మీ గీతల మధ్యవి."

"అది కుట్టుకు వదిలిందయ్యా!"

"ఇనుముకు కుట్టేంటి మాస్టారూ?" అన్నాడు వెల్డర్, నిజంగానే తెలుసుకోవాలని.

నిజానికి టైలర్ అనుకున్నట్టే కోసి ఉంటే వెనక షాకబ్జర్లకు పట్టు లేకుండా పోయి బండి అక్కడికక్కడే కూలబడేది. ఆ సంగతి అతనికి ఈనాటికీ తెలియదు. ఇప్పుడు మాత్రం ఆ షాకబ్జర్లు ముందుకు వాలిపోయి, బండి వెనక భాగం కుక్క కూర్చున్నట్టు కుంగింది. మూతి ఆకాశంకేసి చూస్తోంది.

"ముందు కూడా దించేస్తే సమానమైపోద్ది" అన్నాడు వెల్డర్. దించారు. ముందు దిగేసరికి హెడ్‌లైటు మడ్‌గార్డును ముట్టుకుంది. ముందు మడ్‌గార్డు తీసేశారు. బండి దిగేసరికి స్టాండు పొడవై, స్టాండు వేస్తే రెండు చక్రాలూ గాల్లో ఉన్నాయి. స్టాండు కోశారు. ఒక వేలు ఎక్కువ కోశారు. ఈసారి స్టాండు వేసినా బండికి ఆ సంగతి తెలియడం లేదు. అడుగున ఒక ఇనుప బిళ్ల అతికారు. పాత హ్యాండిల్ ఆ పొట్టి బండి మీద గొడుగులా కనిపిస్తుంటే దాన్నీ తీసి తిన్నగా ఉన్న గొట్టం బిగించారు. పొడవాటి సీటు మాత్రం టైలర్ స్వయంగా విప్పి, సగానికి కోసి, తోలు తొడుగు కుట్టాడు. ఆ ఒక్కటే పద్ధతిగా వచ్చింది. అందులో కుట్టుకు వదిలాడు కదా.

పన్నెండున్నరకు ఫోను మోగింది. భార్య.

"ఏవండీ, అమ్మ ఫోన్ చేసింది! రేపు పదింటికి ఆసుపత్రిలో కాన్పుల వార్డుకి కొత్త భవనం తెరుస్తున్నారట. అమ్మ బండి కావాలన్నారట."

"ఏ బండి?"

"అమ్మకి ఎన్ని బండ్లున్నాయండీ? హాల్లో అద్దాల గది కట్టించారట, అందులో పెడతారట. అప్పుడెలా ఉండేదో అలాగే. పక్కన అమ్మ దాని మీద కూర్చున్న పాత ఫోటో కూడా. సాయంత్రం ఆరింటికి అమ్మ మనింటికి వస్తోంది. కాస్త తుడిచి ఉంచండి."

సరిగ్గా అప్పుడే వెల్డర్ బిళ్ల అంచు నున్న చేయడానికి గ్రైండరు పెట్టాడు.

"ఆ చప్పుడేంటండీ?"

"తుడుస్తున్నారు."

"అంత గట్టిగానా?"

"తుప్పు... మొండిది."

భార్య గొంతు మెత్తబడింది. "అమ్మ ఎంత సంతోషంగా ఉందనుకున్నారు! నాలుగేళ్లయిందండీ అలా నవ్వగా విని. బండిని ఇన్నాళ్లు కళ్లల్లో పెట్టుకుని చూసుకున్నారని మీ గురించే చెబుతోంది."

టైలర్ ఫోను పెట్టేసి, చేతిలోని ఇనుప ముక్కలకేసి చూశాడు. గుండెల్లో రాయి పడటం అంటారే, అది కూడా ఇంచుమించు అదే బరువులో పడింది. అత్తగారంటే అతనికి భయం కాదు. భయమైతే ఏదో అబద్ధమాడి బయటపడేవాడు. టైలర్‌కు పిల్లనిస్తామా అని ఇంట్లో అందరూ ముఖం తిప్పుకున్నప్పుడు, "మనిషి కుదురైనవాడు, ఒకచోట కూర్చుని పని చేసుకుంటాడు" అని ఒక్క మాటతో అందరి నోళ్లూ మూయించింది ఆవిడే. ఆ కుదురైనవాడు ఇప్పుడు ఆవిడ ముప్పై ఏళ్ల బతుకును రెండు చోట్ల కోసి, మధ్య ముక్క చేత పట్టుకుని నిలబడ్డాడు. అతనికి ఏడుపొచ్చినంత పనైంది.

"మళ్లీ కోసి, ఇవి మధ్యలో పెట్టి అతికేద్దాం" అన్నాడు.

వెల్డర్ తల అడ్డంగా ఊపాడు. "రెండోసారి కోస్తే గొట్టం బలం పోద్ది మాస్టారూ. ఎవరైనా ఎక్కినప్పుడు విరిగితే? నేను చెయ్యను. అయినా మడ్‌గార్డులు కోశాం, సీటు మీరే కోశారు. చేతులు కాలాక ఇప్పుడు ఆకులెక్కడ వెతుకుతాం?"

టైలర్ కాలుగాలిన పిల్లిలా షెడ్డులో ఆరుసార్లు తిరిగాడు. ఏడోసారి ఆగాడు. భుజాలు లేనివాడికి భుజాలున్నట్టు, ఛాతీ లేనివాడికి ఛాతీ ఉన్నట్టు కోటు కుట్టడం అతని వృత్తి. మనిషికి చేసినవాడు బండికి చేయలేడా?

"దీనికి కోటు కుడతా" అన్నాడు.

ఆ మధ్యాహ్నం అతని మిషను వీధి చివరిదాకా వినిపించింది. బూడిదరంగు కాన్వాసు, లోపల లైనింగు. వెనక కుంగినచోట మూడు దొంతరల నురుగు. లేని సీటు కోసం దూది. లేని మడ్‌గార్డు గుండ్రంగా నిలవడానికి కోటు భుజాల్లో పెట్టే ప్యాడ్లు పద్నాలుగు. పాత హ్యాండిల్ ఎత్తు కోసం రెండు కర్రలు. పక్కన పైనుంచి కిందిదాకా ముప్పై రెండు బొత్తాలు. బండికి తొడిగి దూరం వెళ్లి చూస్తే, నాలుగేళ్ల కింద వసారాలోకి వచ్చిన బండి ఎలా ఉందో అచ్చం అలాగే ఉంది. వెల్డర్ కూడా నోరు తెరిచి చూశాడు.

"అద్దాల గదిలో పెట్టేటప్పుడు ఇది విప్పమంటే?"

"దుమ్ము పడుద్దని చెబుతా. అప్పటి సంగతి అప్పుడు చూద్దాం" అన్నాడు టైలర్, అరవై ఏళ్లదాకా ఎవరూ విప్పమనకూడదని మనసులో కోరుకుంటూ.

అయిదున్నరకు భార్య వచ్చింది. వసారాలోకి తోసి పెట్టిన బండి ముసుగునూ, దాని చక్కని కుట్టునూ, చెమటతో తడిసి ఉన్న భర్తనూ మార్చి మార్చి చూసింది. ఆమె కళ్లు చెమర్చాయి. "పొద్దుట్నుంచీ దీనికోసమా ఇంత కష్టపడ్డారు!" అంది. అవునని అనలేక, కాదనలేక టైలర్ ఒక బొత్తాం సర్దాడు. అతను వారించేలోపే ఆమె ఆసుపత్రికి ఫోను కలిపేసింది.

"పెద్ద డాక్టరుగారికి చెప్పండి. మావారు బండికి ముసుగు కుట్టారు. రేపు ఆయన చేత్తోనే అందరిముందూ తీయిస్తే బాగుంటుంది... అవునండీ, ఫోటోలవాళ్లు కూడా ఉంటే ఇంకా మంచిది."

దాచడానికి కుట్టింది కాస్తా ఊరందరి ముందు విప్పడానికి సిద్ధమైంది. టైలర్ వసారా మెట్టు మీద కూలబడ్డాడు. కూలబడ్డా కాళ్లు ఆడుతూనే ఉన్నాయి.

ఆరింటికి అత్తగారు దిగింది. చేతిలో కర్ర. కుడికాలు కొంచెం ఈడుస్తోంది. వచ్చీ రాగానే మంచినీళ్లు కూడా తాగకుండా వసారాలోకి నడిచింది.

"తియ్యండి బాబూ, చూద్దాం."

"రేపు అందరి ముందూ తీస్తేనే బాగుంటుంది అత్తయ్యగారూ."

"రేపు అందరికీ. ఇవాళ నాకు" అంటూ ఆమె రెండు అరచేతులూ ముసుగు మీద పెట్టింది. పైన ఒకచోట నొక్కింది. పక్కకు జరిపి మెల్లగా నొక్కింది. కళ్లు మూసుకుంది. ముప్పై ఏళ్లు ఆ చేతులు చేసిన పనే అది.

"ఇక్కడ తల తగలాలే" అంది. మళ్లీ నొక్కి చూసింది. "అంతా మెత్తగా ఉంది. బాబూ, పైకి పొట్ట ఇంత కనిపిస్తోంది గానీ, లోపల బిడ్డ చాలా చిన్నది."

షెడ్డు గుమ్మంలోంచి వెల్డర్, "ఆపరేషనైందమ్మా" అన్నాడు.

టైలర్ ఇంక ఆగలేకపోయాడు. "అత్తయ్యగారూ, తప్పు నాదే. బండి కోసేశాను. మీకోసం కాదు, మరమ్మతుకీ కాదు. నాకోసమే. ఎక్కడికైనా వెళ్లాలనిపించి కోశాను. ఎక్కువ తెగిపోయింది" అని, ఎవరో తరుముతున్నట్టు ముప్పై రెండు బొత్తాలూ తనే విప్పేశాడు.

ముసుగు జారింది. నేలకు కరుచుకుని, పొట్టిగా, నల్లగా, ఒక్క సీటుతో బాబర్ బయటపడింది.

"ఏవండీ!" అంది భార్య. "అమ్మ బండి! అమ్మ బండిని ఇలా..."

"నువ్వాగమ్మా" అంది అత్తగారు. కర్ర గోడకు ఆనించింది. బండి చుట్టూ ఒకసారి తిరిగింది. ట్యాంకు మీద చెయ్యి వేసి, కుడికాలు కొంచెం ఎత్తింది. మూరెడే ఎత్తింది. ఆ కాలు సీటును దాటి అవతల దిగింది. ఆమె కూర్చుంది. రెండు పాదాలూ నేల మీద నిండుగా ఆనాయి. ఆమె ఆ పాదాలకేసి చాలాసేపు చూసింది.

"నడపాలని లేదని చెప్పాను కదూ" అంది చివరికి. "అబద్ధం. ఈ కాలు లేవడం మానేసింది బాబూ. ఒకరోజు ఆసుపత్రి ముందే ఎక్కబోయి ఎక్కలేకపోయాను. ఎవరూ చూడలేదు. ఎంతమందిని లేపి నడిపించాను, నా కాలు నాకు లేవడం లేదని ఎవరికి చెప్పుకోను? ఎదురుగా ఉంటే ఏడుపొస్తోందని ఇక్కడ పడేసి పోయాను."

కూతురు వచ్చి తల్లి భుజం పట్టుకుంది. ఇద్దరూ ఏడ్చారు. టైలర్‌కు కూడా కళ్లు తుడుచుకోవాల్సి వచ్చింది, చేతికి ముసుగు కొసే అందింది.

"నా కొలతలు ఎప్పుడు తీసుకున్నారు?" అంది అత్తగారు.

"తీసుకోలేదండీ. నేను చెప్పాను కదా, నాకోసమే..."

"మీరు కూర్చుంటే మోకాళ్లు గడ్డానికి తగులుతాయి" అంది, అతన్ని ఎగాదిగా చూసి. కొలతల విషయంలో ఆమె కన్ను అతని కన్నుకు తీసిపోదు. "కిక్ కొట్టండి. అది మాత్రం ఈ కాలు వల్ల కాదు."

అతను కొట్టాడు. మూడోదానికి ఇంజను అందుకుంది. ఆమె వీధి చివరిదాకా వెళ్లి, తిరిగి, ఇంటి ముందు ఆగకుండా రెండో చివరిదాకా వెళ్లింది.

మర్నాడు పదింటికి ఆసుపత్రి ముందు డాక్టర్లు, నర్సులు, ఫోటోలవాళ్లు ముసుగేసిన బండి కోసం ఎదురుచూస్తుంటే, ముసుగు లేని బండి మీద ఆమే వచ్చి దిగింది. పెద్ద డాక్టరు ఒకసారి గోడ మీది ఫోటోనూ, ఒకసారి బండినీ చూశాడు.

"అమ్మా, ఇది ఆ బండేనా? ఫోటోలో పొడుగ్గా ఉందే?"

"ఆ ఫోటోలో నేనూ పొడుగ్గానే ఉన్నాను డాక్టరుగారూ. ఎముకలు అరిగితే ఎవరైనా తగ్గుతారు."

"మరి అద్దాల గదిలో..."

"అందులో ఇంకేదైనా పెట్టుకోండి. ఇది పనిలో ఉంది."

ఖాళీ అద్దాల గది బాగుండదు కాబట్టి, బస్సులో భార్యాభర్తలు మోసుకొచ్చిన బూడిదరంగు ముసుగును లోపల బల్లలు పేర్చి వాటికి తొడిగారు. ఆకారం అచ్చంగా పాత బండిదే. చూసినవాళ్లందరూ ఎంత జాగ్రత్తగా కాపాడారో అని మెచ్చుకున్నారు. టైలర్ ఒక మూల నిలబడి నమస్కారాలు అందుకున్నాడు.

అన్నీ ముగిశాక బయట అతను మళ్లీ కిక్ కొట్టాడు. ఈసారి మొదటిదానికే అందుకుంది. ఆ చప్పుడు వినగానే అతని కాళ్లు ఆగలేదు.

"అత్తయ్యగారూ, ఒక్కసారి ఆ మలుపుదాకా నేను కూడా..."

"దానికేం, ఎక్కండి" అని ఆమె వెనక్కి తిరిగి చూసింది. వెనక చక్రం తప్ప ఏమీ లేదు. "ఎక్కడ కూర్చుంటారు బాబూ?"

కోసినవాడు ఏమంటాడు?

"రేపు పొద్దున ఏడింటికల్లా మా ఇంటికి రండి. కిక్ కొట్టాలి" అని ఆమె గేరు వేసింది. అటువైపు ఇల్లు కాదు, అయినా అటే వెళ్లింది. ఎక్కడికో చెప్పలేదు. మలుపు దగ్గర మాత్రం కాస్త వేగం పెంచినట్టు కనిపించింది.

టైలర్, అతని భార్య బస్సు స్టాపులో నిలబడ్డారు. ఆదివారం కావడంతో బస్సు యాభై నిమిషాలకు వచ్చింది, అందులోనూ సీటు లేదు.